క్లాక్ నెమ్మదిస్తే అంకె కారిపోతుంది: రొయ్యల గుంటల మీటర్లలో ఏడీసీ చదివే తీరు

## సంక్షిప్తంగా

సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే చిప్ ఏడీసీ. ఆ అంకెను ఒక్కో బిట్‌గా పంపించుకునే పద్ధతుల్లో ఒకటి ఎస్‌పీఐ. ఎస్‌పీఐ హార్డ్‌వేర్ లేని మైక్రోకంట్రోలర్‌తో (ప్రోగ్రామ్ నడిపే చిన్న చిప్‌తో) కూడా నాలుగు మామూలు పిన్నులు, కొద్దిపాటి ప్రోగ్రామ్ ఉంటే బయటి ఏడీసీని చదవచ్చు. అయితే కొన్ని ఏడీసీల్లో క్లాక్ లైను, అంటే ఒక్కో బిట్‌కూ తాళం వేసే వైరు, అంకెను మోసుకురావడంతో ఆగదు, ఆ అంకెను పుట్టించేదీ అదే. అలాంటి చిప్‌తో ప్రోగ్రామ్ ఆలస్యం చేస్తే కొలతే తప్పుతుంది. తప్పిన అంకె ఏ తీరుగా తప్పిందో చూస్తే లోపం సెన్సర్‌లో ఉందా, వైర్లలో ఉందా, ప్రోగ్రామ్‌లో ఉందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

## గట్టు మీద మీటర్ ఎందుకు

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లోనూ, ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపూ తీరం పొడవునా రొయ్యల గుంటలు కనిపిస్తాయి. 2009లో దేశంలో వెనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఎకరాకు వదిలే పిల్లల సంఖ్య పెరిగింది. దాంతోపాటే ఆక్సిజన్ టెన్షనూ పెరిగింది. నీటిలోని ప్లాంక్టన్ (నాచు లాంటి సూక్ష్మజీవులు) పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, చీకటి పడ్డాక అదే ప్లాంక్టన్ రొయ్యతో పోటీపడి పీల్చుకుంటుంది. కాబట్టి కరిగిన ఆక్సిజన్, రైతులు డీవో అనేది, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. 30 డిగ్రీల మంచినీటిలోనే గాలి నుంచి కరగగలిగింది లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఉప్పు పెరిగితే అది ఇంకా తగ్గుతుంది. డీవోను 4 కంటే కిందికి పోనివ్వకూడదనేది సాగులో పాటించే లెక్క. అంటే చేతిలో ఉన్న వెసులుబాటు మూడున్నర మిల్లీగ్రాములే.

ఇంత ఇరుకైన లెక్కను రాత్రంతా కనిపెట్టి ఉండే మీటర్ కావాలనుకోవడం సహజం. నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్‌లో ఇలాంటి మీటర్ తేలిగ్గా తట్టే టాపిక్. డీవో, పీహెచ్, నీటి ఉష్ణోగ్రత కొలిచి, గీత దాటితే ఫోన్‌కు ఎస్సెమ్మెస్ పంపాలి. చిప్పులు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో ఆన్‌లైన్‌లోనో వస్తాయి. బోర్డు మాత్రం సిలబస్‌లో 8086 ప్రాసెసర్ తర్వాత చదివిన 8051 మైక్రోకంట్రోలర్ కుటుంబానిదే అయివుంటుంది. ఎందుకంటే అది అప్పటికే ల్యాబ్‌లో ఉంది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. ల్యాబ్ టేబుల్ మీద బుద్ధిగా పనిచేసిన మీటర్ గట్టు మీదికి వెళ్లాక తలాతోకా లేని అంకెలు చూపిస్తుంది. నింద ముందు నీటిలో ముంచే ప్రోబ్ మీద పడుతుంది, ఎందుకంటే అన్నిటికంటే ఖరీదైనది అదే. ప్రోబ్ మార్చినా అంకెలు దారికి రాకపోతే ఇక ఎవరికీ ఏమీ పాలుపోదు. ఇలాంటి సందర్భాల్లో ఎక్కువసార్లు అసలు కారణం ఏడీసీకీ మైక్రోకంట్రోలర్‌కూ మధ్య జరిగే సంభాషణలో ఉంటుంది. అక్కడికి చూపు పోదు. అందులో ప్రోగ్రామ్ పదిహేను ఇరవై లైన్లే కాబట్టి తప్పు ఉండడానికి చోటే లేదనిపిస్తుంది.

## పేర్లున్న పిన్నులు, లేని సౌకర్యం

8051 నిర్మాణాన్ని ఇంటెల్ 1980లో తెచ్చింది. ఆ కుటుంబంలో మన దగ్గర విరివిగా దొరికే ఏటీ89ఎస్52లో 8 కిలోబైట్ల ఫ్లాష్, మూడు టైమర్లు, ఒక సీరియల్ పోర్టు, నాలుగు ఎనిమిది బిట్ల పోర్టులు ఉంటాయి. ఏడీసీ లేదు. ఎస్‌పీఐ కూడా లేదు. కానీ దాని పిన్నుల బొమ్మలో పోర్టు 1 చివరి మూడు పిన్నుల పక్కన ఎంవోఎస్ఐ, ఎంఐఎస్ఓ, ఎస్‌సీకే అన్న ఎస్‌పీఐ లైన్ల పేర్లు రాసి ఉంటాయి. అది చూసి చాలామంది ఎస్‌పీఐ ఉందనుకుని దాని రిజిస్టర్ల కోసం డేటాషీట్ అంతా గాలిస్తారు. ఆ పేర్లు బయటి ప్రోగ్రామర్‌తో ఫ్లాష్‌లోకి కోడ్ ఎక్కించడానికే. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు అవి మామూలు పోర్టు పిన్నులు. నిజంగా ఎస్‌పీఐ ఉన్న 8051 రకాలూ ఉన్నాయి, పీ89వీ51ఆర్‌డీ2 అలాంటిదే. బోర్డు ఒకేలా కనిపించినా చిప్ వేరు.

కాబట్టి ఏటీ89ఎస్52తో మిగిలే దారి క్లాక్ లైనును ప్రోగ్రామే పైకీ కిందికీ కదపడం, డేటా లైన్ మీద ఒక్కో బిట్ పెట్టడం, ఒక్కో బిట్ తీసుకోవడం. దీన్నే బిట్ బ్యాంగింగ్ అంటారు. చిన్నచూపు చూడాల్సిన పద్ధతేమీ కాదిది. ఏ పిన్ను ఖాళీగా ఉంటే ఆ పిన్ను వాడుకోవచ్చు, ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు ప్రోగ్రామ్‌ను తేలిగ్గా మార్చుకోవచ్చు. 2020 తర్వాత రెండేళ్లు ప్రపంచమంతా చిప్పులకు కరువొచ్చి, దొరికిన దానితో సర్దుకోవాల్సి వచ్చినప్పుడు ఈ వెసులుబాటు విలువ బాగా తెలిసింది.

## ఒక రీడింగ్‌లో 19 క్లాకులు

పోల్చి చెప్పడానికి ఎంసీపీ3208 అనే ఏడీసీ అనువుగా ఉంటుంది. 16 పిన్నుల చిప్, 12 బిట్లు, ఎనిమిది ఛానెళ్లు, 2.7 నుంచి 5.5 వోల్టుల వరకు పనిచేస్తుంది. 12 బిట్లంటే 0 నుంచి 4095 వరకు అంకెలు. 5 వోల్టుల రెఫరెన్స్‌తో (కొలతకు పై హద్దుగా ఇచ్చే వోల్టేజీతో) ఒక్కో మెట్టు 1.22 మిల్లీవోల్టులు. 4.096 వోల్టుల రెఫరెన్స్ చిప్ పెడితే మెట్టు సరిగ్గా ఒక మిల్లీవోల్టు అవుతుంది, లెక్క నోటితోనే చేయొచ్చు. పీహెచ్ ప్రోబ్ 25 డిగ్రీల దగ్గర ఒక్క పీహెచ్ తేడాకు ఇచ్చేది దాదాపు 59 మిల్లీవోల్టులు. చాలా బోర్డుల్లో ఉండే 10 బిట్ల ఏడీసీలో, 5 వోల్టుల రెఫరెన్స్‌తో, మెట్టు 4.88 మిల్లీవోల్టులు. యాంప్లిఫై చేయకపోతే అది 0.08 పీహెచ్‌తో సమానం. గుంటలో పీహెచ్ రోజంతటిలో 0.5 మించి ఊగకూడదని చూసుకునే చోట ఆ మెట్టు ముతకే.

రీడింగ్ ఇలా సాగుతుంది. ఏడీసీని పిలిచే చిప్ సెలెక్ట్ లైన్ కిందికి దించాలి. డేటా లైన్ మీద స్టార్ట్ బిట్‌గా 1 పెట్టి క్లాక్‌ను ఒకసారి పైకెత్తి దించాలి. తర్వాత సింగిలా (ఒక్క ఛానెల్), డిఫరెన్షియలా (రెండు ఛానెళ్ల తేడా) అన్న బిట్, ఆ తర్వాత ఛానెల్ నంబర్ మూడు బిట్లు. ఇక్కడికి ఐదు క్లాకులు. ఆరో క్లాక్ ఏడీసీ తన పని కోసం వాడుకుంటుంది, అప్పుడు డేటా లైన్ మీద ఏముందో దానికి పట్టదు. ఏడో క్లాక్‌కు ఏడీసీ ఒక సున్నా బయటపెడుతుంది. దానికి విలువ లేదు, అసలు అంకె రాబోతోందన్న గుర్తు అంతే. ఆ తర్వాత పెద్ద బిట్ నుంచి మొదలై 12 బిట్లు వస్తాయి. మొత్తం 19. హార్డ్‌వేర్ ఎస్‌పీఐ అయితే ఎనిమిదేసి బిట్ల కట్టలుగానే పంపుతుంది కనుక ముందు ఐదు సున్నాలు కలిపి 24 క్లాకులు చేయాలి. సాఫ్ట్‌వేర్‌కు ఆ బెడద లేదు.

పంపేటప్పుడూ తీసుకునేటప్పుడూ అంచు ఒకటి కాదు. మైక్రోకంట్రోలర్ పెట్టిన బిట్‌ను ఏడీసీ క్లాక్ పైకి లేచే అంచున పట్టుకుంటుంది. తన బిట్‌ను మాత్రం క్లాక్ కిందికి దిగే అంచు తర్వాత మారుస్తుంది. కాబట్టి ప్రోగ్రామ్ కూడా క్లాక్ పైన ఉన్నప్పుడే డేటా చదవడం క్షేమం. అప్పటికి బిట్ స్థిరపడి ఉంటుంది.

12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న 8051లో ఒక మెషీన్ సైకిల్ ఒక మైక్రోసెకను. అసెంబ్లీ భాషలో ఒక బిట్ తీసుకోవడానికి క్లాక్ ఎత్తడం, పిన్ను చదవడం, క్లాక్ దించడం, బిట్‌ను అక్యుములేటర్‌లోకి తిప్పడం ఒక్కో సైకిల్, లూప్‌కు రెండు సైకిళ్లు, వెరసి 6 మైక్రోసెకన్లు. అంటే క్లాక్ వేగం సుమారు 160 కిలోహెర్ట్జ్. 5 వోల్టుల దగ్గర ఈ ఏడీసీ 2 మెగాహెర్ట్జ్ దాకా తట్టుకుంటుంది కనుక వేగం ఎక్కువైందన్న సమస్య 8051తో రానే రాదు. అసలు సమస్య రెండో వైపు నుంచి వస్తుంది.

## క్లాక్ చేసే రెండో పని

ఎంసీపీ3208 లోపల 20 పికోఫారడ్ల చిన్న కెపాసిటర్ ఉంది. స్టార్ట్ బిట్ తర్వాత క్లాక్ నాలుగోసారి పైకి లేచినప్పుడు, అంటే ఛానెల్ నంబర్ చివరి బిట్‌ను పట్టుకునే క్షణాన, సెన్సర్ వోల్టేజీ దాని మీదికి పారడం మొదలవుతుంది. ఆరో క్లాక్ కిందికి దిగగానే ఆ దారి మూసుకుపోతుంది. అక్కడి నుంచి ఏడీసీ చూసేది సెన్సర్‌ను కాదు, కెపాసిటర్‌లో పట్టి ఉంచిన ఛార్జ్‌ను. ఒక్కో క్లాక్ వచ్చినప్పుడల్లా ఒక్కో బిట్ తేలుస్తుంది. ముందు పెద్ద బిట్, తర్వాత దానికంటే చిన్నది, అలా పన్నెండు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. బయటి నుంచి చూస్తే అంకె లోపల ఎప్పుడో తయారై ఉంది, క్లాక్ దాన్ని బయటికి లాగుతోంది అన్నట్టు ఉంటుంది. ఈ చిప్‌లో అది నిజం కాదు. క్లాక్ ఆగితే కొలవడమే ఆగుతుంది. ఆ ఆగిన సమయంలో కెపాసిటర్ చిల్లు కడవలా కారుతూనే ఉంటుంది.

ఎంతసేపు ఆగవచ్చన్నదానికి తయారీదారు ఇచ్చిన హద్దు స్పష్టంగానే ఉంది. 85 డిగ్రీల వేడిలో కూడా ఛార్జ్ కనీసం 1.2 మిల్లీసెకన్లు సరిగ్గా నిలుస్తుంది. శాంపిల్ ముగిసిన దగ్గర్నుంచి 12 బిట్లూ ఆ లోపే బయటికి వచ్చేయాలి. బిట్‌కు 100 మైక్రోసెకన్లు, అంటే 10 కిలోహెర్ట్జ్ కంటే క్లాక్ నెమ్మదించకూడదు.

## నెమ్మదిగా పోతే మంచిదన్న నమ్మకం

బిట్ బ్యాంగింగ్ ప్రోగ్రాముల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. అంకెలు సరిగా రావట్లేదు, బహుశా వేగం ఎక్కువైందేమో అని ప్రతి క్లాక్ మార్పు తర్వాత ఒక మిల్లీసెకను డిలే పెడతారు. పైకి ఒకటి, కిందికి ఒకటి, బిట్‌కు రెండు మిల్లీసెకన్లు. 12 బిట్లకు 24. హద్దుకు ఇరవై రెట్లు. ఎల్‌సీడీకీ కీప్యాడ్‌కూ డిలే పెంచితే బాగుపడిన అనుభవం ఉంటుంది కనుక ఇక్కడా అదే చేస్తారు.

విచిత్రమేమంటే ల్యాబ్‌లో ఇది పనిచేసినట్టే కనిపించవచ్చు. 1.2 మిల్లీసెకన్లు అన్నది 85 డిగ్రీల లెక్క. ఫ్యాన్ కింద, 28 డిగ్రీల గదిలో ఛార్జ్ చాలా నెమ్మదిగా కారుతుంది. సెమీకండక్టర్ లీకేజీ ప్రతి పది డిగ్రీలకు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో వాడే మోటు లెక్క. ఇప్పుడు అదే బోర్డును మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, మే నెల ఎండలో కొత్తపట్నం గట్టు మీద స్తంభానికి కడితే? డబ్బా లోపలి వేడి బయటి గాలి కంటే చాలా ఎక్కువ. గదిలో కనిపించని లీకేజీ అక్కడ చాలా రెట్లవుతుంది. మధ్యాహ్నం తప్పుడు రీడింగులు, రాత్రి చల్లబడ్డాక మళ్లీ సరైనవి. ఇలా జరిగితే ఎవరైనా ఎండకు ప్రోబ్ పాడైందనే అనుకుంటారు.

ఛార్జ్ కారిన అంకెకు ఒక ఆనవాలు ఉంటుంది. పెద్ద బిట్లు ముందే తేలిపోతాయి కాబట్టి అవి దాదాపు సరిగ్గానే ఉంటాయి. కారిన తర్వాత తేలే చిన్న బిట్లు వరసగా సున్నాలో, వరసగా ఒకట్లో అయిపోతాయి. తెర మీద మిల్లీగ్రాములు చూస్తే ఇది తెలియదు, ముడి అంకెను బైనరీలో చూడాలి.

అలాగని నెమ్మదితనం అంతా చెడ్డదీ కాదు. శాంపిల్ దశలో, అంటే తలుపు మూసుకోక ముందు, ఎంతసేపు ఆగితే కెపాసిటర్ అంత బాగా నిండుతుంది. సెన్సర్ వైపు 100 కిలోఓమ్ల రెసిస్టెన్స్ ఉందనుకుంటే, 20 పికోఫారడ్లకు టైమ్ కాన్‌స్టంట్ (నిండే వేగానికి కొలత) 2 మైక్రోసెకన్లు. 12 బిట్ల కచ్చితత్వానికి అలాంటివి తొమ్మిది కావాలి, 18 మైక్రోసెకన్లు. 2 మెగాహెర్ట్జ్ హార్డ్‌వేర్ క్లాక్‌తో శాంపిల్‌కు దక్కేది క్లాకున్నర, అంటే 0.75 మైక్రోసెకను. అస్సలు చాలదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఐదో, ఆరో క్లాకుల దగ్గర 50 మైక్రోసెకన్లు తాపీగా ఆగి, తలుపు మూసుకున్నాక మిగతా పన్నెండు బిట్లనూ పరుగున లాగేయగలదు. ఒకే రీడింగ్‌లో ఒకచోట నెమ్మది, ఒకచోట వేగం అన్న పని మామూలు హార్డ్‌వేర్ ఎస్‌పీఐ చేయలేదు. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే. దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ.

దీనికీ ఒక హద్దుంది. పీహెచ్ గాజు ఎలక్ట్రోడ్ రెసిస్టెన్స్ వందల మెగాఓమ్లు. అక్కడ ఎంతసేపు ఆగినా లాభం లేదు, ఏడీసీ ఇన్‌పుట్ లీకేజీయే కొలతను మింగేస్తుంది. మధ్యలో, దాదాపు కరెంటు లాగని ఎఫ్ఈటీ ఇన్‌పుట్ ఉన్న ఆప్ ఆంప్ బఫర్ పెట్టి తీరాలి.

## మధ్యలో ఇంటరప్ట్ దూరితే

డిలే లేకుండా చక్కగా రాసిన ప్రోగ్రామ్‌కూ ఒక గండం ఉంది. ఏడో బిట్ తీసుకుంటుండగా టైమర్ ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి మరో పని చూడమనే పిలుపు, వచ్చింది అనుకుందాం. ప్రాసెసర్ క్లాక్ లైన్‌ను ఎక్కడిదక్కడ వదిలేసి అటు వెళ్తుంది. ఆ ఇంటరప్ట్ ఒక లెక్క పెంచి తిరిగొస్తే ఏమీ కాదు, ఎస్‌పీఐకి క్లాకులు సమంగా ఉండాలన్న నియమం లేదు. కానీ ఇంటరప్ట్ లోపలే ఎల్‌సీడీ మీద రాసే పని పెట్టి ఉంటే, ఒక స్క్రీన్ క్లియర్‌కే దాదాపు మిల్లీసెకనున్నర పోతుంది. హద్దు దాటినట్టే. ఇలాంటి తప్పు వందలో ఒకసారి మాత్రమే కనిపిస్తుంది కనుక పట్టుకోవడం కష్టం.

మందు తేలికైనదే. శాంపిల్ ముగిశాక 12 బిట్లు లాగేంతసేపు ఇంటరప్ట్‌లు ఆపాలి. అసెంబ్లీలో అది 72 మైక్రోసెకన్లు, సీ భాషలో రాస్తే రెండు మూడు రెట్లు. ఎస్సెమ్మెస్ పంపే జీఎస్ఎం మాడ్యూల్ నుంచి 9600 బాడ్ వేగంతో వచ్చే ఒక్కో అక్షరానికి 1.04 మిల్లీసెకన్లు పడుతుంది, 8051 సీరియల్ పోర్టు ఒక అక్షరాన్ని తనలో నిలుపుకుంటుంది. కాబట్టి ఆ కొద్దిసేపు చెవులు మూసుకున్నా పోయేదేమీ లేదు. మొత్తం రీడింగ్ ఫంక్షన్‌కూ, పైన చెప్పిన తాపీ శాంపిల్‌తో కలిపి, ఇంటరప్ట్‌లు ఆపాల్సిన పని అంతకన్నా లేదు.

## వేరే ఏడీసీలతో పోలిస్తే

ఒంగోలు వైపు పొగాకు బేలు తూచినా, గుంట దగ్గర మేత బస్తా తూచినా, బరువును వోల్టేజీగా మార్చే లోడ్ సెల్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. అందుకోసం తూకం యంత్రాలను దృష్టిలో పెట్టుకుని చేసిన 24 బిట్ల ఏడీసీ హెచ్ఎక్స్711. దీనికి ఎస్‌పీఐ లేదు, రెండే లైన్లు, మొదటి నుంచీ బిట్ బ్యాంగింగ్ కోసమే చేసినట్టుంటుంది. కొలత తన సొంత గడియారంతో, సెకనుకు 10 లేదా 80 సార్లు చేసుకుంటుంది. అంకె తయారయ్యాక డేటా లైన్ దించి కబురు పెడుతుంది. అప్పుడు 24 క్లాకులతో అంకె తీసుకుని, అదనంగా ఒకటి, రెండు లేదా మూడు క్లాకులు ఇచ్చి తర్వాతి కొలతకు ఛానెల్, గెయిన్ (వోల్టేజీని ఎన్ని రెట్లు పెంచాలో) చెప్పాలి. ఇందులో ఛార్జ్ కారే భయం లేదు. మరో హద్దు ఉంది. క్లాక్ 60 మైక్రోసెకన్లకు మించి పైనే ఉండిపోతే చిప్ పడుకుంటుంది. లేచాక మొదటి ఛానెల్‌కు, 128 గెయిన్‌కు తిరిగి వెళ్తుంది. క్లాక్ కింద ఉన్నప్పుడు మాత్రం ఎంతసేపు ఆగినా ఫర్వాలేదు. అంటే ఇక్కడ ఇంటరప్ట్ ఆపాల్సింది క్లాక్ పైన ఉన్న ఆ ఒక్క క్షణమే.

ఐ2సీ అనే రెండు వైర్ల పద్ధతి మీద నడిచే ఏడీఎస్1115 ఇంకా నెమ్మదస్తురాలు. 16 బిట్లు, గరిష్ఠంగా సెకనుకు 860 కొలతలు. లోపలే ఆసిలేటర్, లోపలే రెఫరెన్స్. అంకె రిజిస్టర్‌లో కూర్చుని ఉంటుంది, ఎప్పుడు తీసుకున్నా అదే అంకె. నిమిషానికి ఒక డీవో రీడింగ్ సరిపోయే గుంట మీటర్‌కు నిజానికి ఇదే సౌకర్యం. ఎంసీపీ3208తో వచ్చే లాభం ఎనిమిది ఛానెళ్లు. ఏ ఏడీసీ అయినా కొనే ముందు బిట్లెన్ని అన్నదానికంటే ముందు చూడాల్సింది, కొలతను నడిపే గడియారం చిప్ లోపల ఉందా, మన ప్రోగ్రామ్ చేతిలో ఉందా అన్నది.

## అంకెను చూసి జబ్బు చెప్పడం

నీటిలో ఎల్ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టారనుకుందాం. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 32 డిగ్రీల నీటికి 320 మిల్లీవోల్టులు, 5 వోల్టుల రెఫరెన్స్‌తో అంకె 262. తెర మీద 16 డిగ్రీలు కనబడితే నెల్లూరులో ఎవరూ నమ్మరు, అది మంచిదే. సరిగ్గా సగం వచ్చిందంటే ఆ విలువ లేని సున్నాను కూడా అంకెలో కలుపుకుని, చివరి బిట్ వదిలేశారని అర్థం. 64 డిగ్రీలు వస్తే ఒక క్లాక్ ఎక్కువ ఇచ్చి పెద్ద బిట్‌ను జారవిడిచారు. డీవో విషయంలో ఈ అదృష్టం లేదు. నిజంగా 6 ఉన్నది 3 గా కనిపించినా, 3 ఉన్నది 6 గా కనిపించినా రెండూ నమ్మదగ్గ అంకెలే. మొదటి తప్పుకు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఊరికే తిరిగి కరెంటు బిల్లు పెరుగుతుంది. రెండో తప్పుకు తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది.

ఎప్పుడు చూసినా 4095 వస్తుంటే 8051లో అది ఎక్కువగా ఊడిన వైరు. ఆ పిన్నుల లోపలి పుల్‌అప్ రెసిస్టర్ బలహీనంగా పైకి లాగుతుంది కనుక, ఏడీసీ మాట్లాడకపోతే ప్రతి బిట్టూ 1 గానే కనిపిస్తుంది. చిప్ సెలెక్ట్ కిందికి దిగకపోయినా ఇదే ఫలితం. పోర్టు 0 సంగతి వేరు, దానికి లోపల పుల్‌అప్ లేదు, బయట పెట్టుకోవాలి.

ఎప్పుడూ సున్నాయే అయితే డేటా తీసుకునే పిన్నుకు ముందుగా 1 రాయడం మరిచిపోయి ఉంటారు. 8051లో పిన్నును ఇన్‌పుట్‌గా వాడాలంటే దాని లాచ్‌లో (రాసిన విలువ నిలిచే చోట) 1 ఉండాలి. సున్నా ఉంటే చిప్పే ఆ లైన్‌ను నేలకు లాగిపెట్టి ఉంచుతుంది, పాపం ఏడీసీ ఎంత మొత్తుకున్నా వినబడదు. మొదటి రీడింగ్ బాగుండి, రెండోది వింతగా ఉండి, ఆ తర్వాత అన్నీ సున్నాలైతే మాత్రం కారణం వేరు. రీడింగ్‌కూ రీడింగ్‌కూ మధ్య చిప్ సెలెక్ట్‌ను పైకి ఎత్తడం లేదు. 12 బిట్లు అయిపోయాక కూడా క్లాక్ ఇస్తూ పోతే ఎంసీపీ3208 అదే అంకెను తిరగేసి, చిన్న బిట్ నుంచి పంపుతుంది, ఆపైన సున్నాలే పంపుతుంది. మధ్యలో కనీసం 500 నానోసెకన్లు చిప్ సెలెక్ట్ పైన ఉండాలి. 8051లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చాలు.

పీహెచ్ ఛానెల్ అంకె దాని ముందు చదివిన ఛానెల్ వైపు ఒరుగుతుంటే, కెపాసిటర్‌లో పాత ఛానెల్ ఛార్జ్ మిగిలి ఉంది. శాంపిల్ దగ్గర ఎక్కువసేపు ఆగడమో, అదే ఛానెల్‌ను రెండుసార్లు చదివి మొదటిది పారేయడమో చేయాలి.

ఎస్సెమ్మెస్ పోయే సమయంలోనే అంకెలు గెంతుతుంటే ప్రోగ్రామ్ వంక చూడనక్కర్లేదు. జీఎస్ఎం మాడ్యూల్ ప్రసారం చేసేటప్పుడు అరమిల్లీసెకను పాటు, పదేపదే, దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. 5 వోల్టుల సప్లైయే ఏడీసీ రెఫరెన్స్ కూడా అయితే సప్లై కుంగినప్పుడల్లా అంకె ఎగురుతుంది. రెఫరెన్స్ చిప్ వేరుగా పెట్టడం, ఏడీసీ సప్లై పిన్ను పక్కనే ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం, అనలాగ్, డిజిటల్ గ్రౌండ్లను చిప్ దగ్గరే కలపడం దీనికి విరుగుడు. ఏరియేటర్ మోటార్ స్టార్ట్ అయినప్పుడు వచ్చే గెంతుకూ ఇవే ముందు చూడాలి.

## బోర్డు మారినప్పుడు

ఇప్పుడు 8051 నుంచి ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ వైపు మారేవాళ్లు ఎక్కువ. వైఫై ఉంది, లోపలే ఏడీసీలు ఉన్నాయి. అయితే మొదటి తరం ఈఎస్‌పీ32లో వైఫై నడుస్తున్నప్పుడు రెండో ఏడీసీ పనిచేయదు, మొదటిది కూడా రెండు కొసల దగ్గర సరళరేఖలో ఉండదు. అందుకని బయటి ఏడీసీ ఇక్కడా వస్తుంది, పాత బిట్ బ్యాంగింగ్ కోడ్ కూడా దాంతోపాటే వస్తుంది.

అప్పుడు మూడు విషయాలు తిరగబడతాయి. 8051 నిదానం వల్ల దాక్కున్న తప్పులు బయటపడతాయి. క్లాక్ దించిన వెంటనే డేటా చదివే కోడ్ 8051లో నడిచిపోతుంది, ఎందుకంటే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కే ఒక మైక్రోసెకను. ఏడీసీకి కొత్త బిట్ బయటపెట్టడానికి 200 నానోసెకన్ల వరకు పడుతుంది. 240 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంతలోపే పాత బిట్ చదివేసే అవకాశం ఉంది, అంకె సగమవుతుంది. రెండోది వోల్టేజీ. 5 వోల్టులతో నడిచే ఎంసీపీ3208కు 1 అని నమ్మకంగా తెలియాలంటే 3.5 వోల్టులు కావాలి, ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. టేబుల్ మీద పనిచేసి గట్టు మీద మొండికేసే రకం లోపం ఇది. పైగా ఏడీసీ తిరిగి పంపే 5 వోల్టులు ఈఎస్‌పీ32 పిన్నుకు హాని చేస్తాయి. ఏడీసీని కూడా 3.3 వోల్టులతోనే నడిపి, క్లాక్‌ను ఒక మెగాహెర్ట్జ్ లోపు ఉంచితే రెండు బాధలూ తప్పుతాయి. మూడోది, వైఫై పనులు ప్రోగ్రామ్‌ను ఎప్పుడు పక్కకు నెడతాయో చెప్పలేం కాబట్టి ఇంటరప్ట్ జాగ్రత్త ఇక్కడ ఇంకా ముఖ్యం. ఈఎస్‌పీ32లో హార్డ్‌వేర్ ఎస్‌పీఐ ఉంది కనుక, అలవాటు తప్ప బిట్ బ్యాంగింగ్‌కు వేరే కారణం లేకపోతే దాన్ని వాడుకోవడమే నయం.

## ఖాళీ ఛానెల్‌లో మూడు రెసిస్టర్లు

డీవో, పీహెచ్, ఉష్ణోగ్రత, బ్యాటరీ కలిపి నాలుగు ఛానెళ్లు పోయినా ఇంకా నాలుగు ఖాళీగా ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మీటర్ తనను తాను పరీక్షించుకోవడానికి కేటాయించవచ్చు. ఒకే విలువున్న మూడు రెసిస్టర్లను, 10 కిలోఓమ్లవి చాలు, రెఫరెన్స్ నుంచి గ్రౌండ్‌కు వరసగా కట్టి, కింది రెసిస్టర్ పైకొసను ఆ ఛానెల్‌కు ఇస్తే అంకె ఎప్పుడూ 4096లో మూడో వంతు, 1365 రావాలి. బైనరీలో అది 0101 0101 0101. ఒక బిట్ అటు జారితే 682, ఇటు జారితే 2730. ఛార్జ్ కారినా, క్లాక్ తప్పినా ఆ సున్నా ఒకటి వరస చెదురుతుంది. ఒక శాతం రెసిస్టర్లతో పది ఇరవై మెట్లు తేడా రావచ్చు, దాన్ని మొదట్లోనే కొలిచి రాసిపెట్టుకుంటే సరి. రెఫరెన్స్ కుంగడాన్ని మాత్రం ఇది పట్టుకోదు, ఎందుకంటే కొలిచే వోల్టేజీ కూడా దాంతోపాటే కుంగుతుంది.

ప్రతి డీవో రీడింగ్‌కు ముందు ఈ ఛానెల్‌ను చదివి, అంకె హద్దు దాటితే డీవో విలువ పంపకుండా "మీటర్ చూడాలి" అని మాత్రమే ఎస్సెమ్మెస్ పంపేలా ప్రోగ్రామ్ రాయవచ్చు. తెల్లవారుజామున మూడింటికి ఆ మెసేజ్ చూసిన రైతు చేతి కిట్‌తో నీళ్లు పరీక్షించుకుంటాడు, లేదా ముందుజాగ్రత్తగా ఏరియేటర్లు వేస్తాడు.